గైరి గొట్టం, నూకాలు కుచ్చిళ్లు

ఒకప్పుడు సముద్రంలో ఆకుపురుగుల్ని గుర్తుపట్టడం చాలా తేలిక. ఏ ఇంటివాళ్ల రంగు ఆ ఇంటివాళ్లది. ఎర్రగా ఉంటే ఒక ఇల్లు, చుక్కలుంటే ఇంకో ఇల్లు. పక్కనుంచి పోయే రొయ్య కూడా ఆగకుండానే "ఓహో, ఫలానా వాళ్ల పిల్ల" అనేసేది.

ఆకుపురుగంటే చెట్ల ఆకులు కొరికే పురుగు అనుకునేరు! కాదు. ఇది సముద్రపు పురుగు. తమలపాకంత పలచగా ఉంటుంది. రాయిని అంటిపెట్టుకుని, ఒంటి అంచుల్ని చీరకొంగులా అల్లల్లాడిస్తూ జారుకుంటూ పోతుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు దీన్ని బల్లపరుపు పురుగు అంటారు. ఎముక లేదు, కాలు లేదు, చెయ్యి లేదు.

దీనికి ఇంకో విచిత్రం ఉంది. నోరు మొహాన ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది. మనం అన్నం ముందు కూర్చుంటాం కదా, ఆకుపురుగు అన్నం మీదే కూర్చుంటుంది.

తూర్పు సముద్రం ఒడ్డున నల్లరాళ్ల మధ్య ఒక నీటిగుంట ఉండేది. పోటు వచ్చి నీళ్లు పెరిగితే ఆ గుంట సముద్రంలో కలిసిపోయేది. ఆటు వచ్చి నీళ్లు తగ్గితే మళ్లీ విడిగా మిగిలేది. ఆ గుంటలో గైరి అనే ఆకుపురుగు ఉండేది.

గైరిది ఇసుక రంగు. ఇసుకలో పడుకుంటే ఎక్కడుందో దానికే తెలిసేది కాదు. మనిషి మెత్తన, మాట మెత్తన. ఎవరైనా గట్టిగా నీళ్లు కదిపితే చాలు, గబుక్కున రాయి కిందికి దూరేది.

పక్క రాయి కింద నూకాలు ఉండేది. నూకాలు అలా కాదు. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, చుట్టూ సన్నటి పసుపు అంచు. పెళ్లికి బయల్దేరినట్టు, మిట్టమధ్యాహ్నం గుంట నడిమధ్య నుంచి ఊగుకుంటూ వెళ్లేది. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఎందుకంటే నూకాలు ఒంటినిండా చేదు. నోట్లో పెట్టుకున్నవాడు వారం దాకా మరిచిపోలేని చేదు.

"నూకాలక్కా, నీకు భయం వెయ్యదా?" అని గైరి అడిగేది.

"నాకెందుకే భయం? నన్ను తిన్నవాడు భయపడాలి!" అని నూకాలు నవ్వేది.

గైరికి మాత్రం భయమే. గడ్డం కింద రెండు పొడుగాటి మీసాలున్న గులివింద చేప రోజూ పోటుతో పాటు గుంటలోకి వచ్చేవాడు. ఆ మీసాలతో ఇసుకంతా తడిమేవాడు. మెత్తగా ఏది తగిలినా గుటుక్కున మింగేసేవాడు. గైరి అమ్మని అలాగే మింగాడు. ఇద్దరు అక్కల్నీ మింగాడు. ఇసుక రంగు కళ్లని మోసం చేస్తుంది గానీ, మీసాల్ని మోసం చెయ్యలేదు కదా.

ఆ ఇంట్లో చివరికి గైరి ఒక్కతే మిగిలింది. అలాంటప్పుడు దాని కడుపులో గుడ్లు నిండాయి.

"నేను పోతే పోయాను. వీళ్ల సంగతేంటి?" అనుకుంది గైరి. మొదటిసారి దాని భయం కన్నా పెద్దదొకటి దాని లోపల కూర్చుంది.

మర్నాడే బయల్దేరి సిమ్మన్న దగ్గరికి వెళ్లింది. సిమ్మన్న ఎనిమిది చేతుల ఆక్టోపస్. ఆ రాళ్లన్నిటికీ అతనే అద్దకం పనివాడు. రాతి సందులో కూర్చుని, గవ్వలకి చారలు, పీతలకి చుక్కలు వేస్తుంటాడు. పని చేస్తూ చేస్తూ అతని ఒళ్లే రంగులు మారిపోతూ ఉంటుంది.

"రా గైరమ్మా, రా!" అన్నాడు సిమ్మన్న, ఎర్రగా ఉన్నవాడు నీలంగా మారుతూ. "ఏ రంగు వెయ్యమంటావు? పగడపు ఎరుపా? పాచి పచ్చా? నీకు గులాబీ బాగుంటుంది."

"నాకు..." అని నసిగింది గైరి. "నాకు నూకాలక్క రంగు కావాలి మామా."

సిమ్మన్న ఎనిమిది చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. ఒళ్లు తెల్లబోయింది.

"ఆవిణ్ణి అడిగావా?"

"అడుగుతాను."

"అడిగి రా, వేస్తాను."

"అప్పటిదాకా గులివింద ఆగుతాడా మామా? ఇవాళ పోటుకే వస్తాడు. కడుపుతో ఉన్నాను."

సిమ్మన్న మెల్లగా అన్నాడు. "చూడు తల్లీ. నా రంగు నాచు కాదు, గోకితే పోదు. ఇది నీ ఒంటికే కాదు, కడుపులో గుడ్లకీ దిగుతుంది. నీ పిల్లలూ ఇదే రంగుతో పుడతారు. వాళ్ల పిల్లలూ ఇంతే. ఆలోచించుకో."

"వాళ్లు పుడితే చాలు" అంది గైరి.

సిమ్మన్న నాలుగు చేతులతో నలుపు అద్దాడు. మిగిలిన నాలుగు చేతులతో పసుపు అంచు తీర్చాడు. గైరి నీళ్లలో తన నీడ చూసుకుంది. అచ్చం నూకాలే!

సాయంత్రం పోటు వచ్చింది. వెనకే గులివింద వచ్చాడు. మీసాలు ఇసుకలో గుచ్చి, ఇటు తడిమి అటు తడిమి, నేరుగా గైరి మీదికి వచ్చాడు. గైరికి పారిపోవాలనిపించింది. కానీ నూకాలు ఎప్పుడైనా పారిపోయిందా? పారిపోతే దొరికిపోతుంది. అందుకని కళ్లు మూసుకున్నంత పని చేసి, అంచుల్ని మాత్రం ఠీవిగా ఊపుతూ నిలబడింది.

ఒక మీసం దాని వీపుకి తగిలింది.

"అబ్బ, మెత్తగా ఉంది!" అని గులివింద వంగి చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు. "ఛీ ఛీ ఛీ! పసుపు అంచుదా! పోయినేడు దీన్ని నోట్లో పెట్టుకుని మూడు రోజులు నాలిక మొద్దుబారిపోయింది. నాకొద్దు, నాకొద్దు!"

తోక విదిలించుకుంటూ వెళ్లిపోయాడు. గైరి ఒంట్లో వణుకు తగ్గడానికి మాత్రం ఆటు రావాల్సి వచ్చింది.

అయితే గులివిందని చూసి పడిన భయం ఒక ఎత్తు, నూకాల్ని చూసి పడిన భయం ఒక ఎత్తు. మర్నాడు పొద్దున్నే నూకాలు ఎదురైంది.

"ఏటే ఇది?" అంది నూకాలు. "నా కోక నువ్వు కట్టావేటి?"

"అక్కా, అదీ... గులివింద..."

"ఓలమ్మో! అడగలేదు, చెప్పలేదు, ఏకంగా నా ఒళ్లే ఎత్తుకుపోయిందమ్మా! నీకు చేదుందా? లేదు. మరి చేదు రంగెందుకే నీకు?"

"తప్పయిపోయింది అక్కా. పిల్లల కోసం..."

నూకాలు గొంతు కాస్త తగ్గింది. తగ్గినకొద్దీ ఇంకా గట్టిగా తగిలింది. "ఈ రంగు మాకు ఊరికే రాలేదు గైరీ. ఇది చేదని ఆ మీసాలోడికి తెలియాలంటే, ముందు మాలో ఎవరో ఒకరు వాడి నోట్లో పడాలి. మా అమ్మమ్మ పడింది. మా పిన్ని పడింది. వాళ్లు పోతేనే మాకీ ధైర్యం వచ్చింది. నువ్వు నిన్న కట్టుకుని ఇవాళ తిరుగుతున్నావు."

నిజమే కదా మరి, అనుకుంది గైరి. తలొంచుకుని రాయి కిందికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా విచిత్రం చూడండి, గుంటలో గుడ్లు పెట్టడానికి బాగున్న రాయి ఒక్కటే ఉంది. దాని కింద కుడివైపు నూకాలు గుడ్లు పెట్టింది, ఎడమవైపు గైరి పెట్టింది. గుడ్లు సగ్గుబియ్యం పలచగా పరిచినట్టు రాయికి అంటుకుని ఉన్నాయి. ఒకరి వైపు ఒకరు వీపు తిప్పుకుని, ఇద్దరూ కాపలా కూర్చున్నారు.

ఇంతలో అమావాస్య వచ్చింది. అమావాస్యకి పోటుకి ఎక్కడలేని ఉషారు వస్తుంది. ఆ ఉదయం పోటు ఈల వేసుకుంటూ, రాయి నుంచి రాయికి దూకుతూ వచ్చాడు.

"తప్పుకోండి, తప్పుకోండి! నేనొచ్చేశాను!"

"మెల్లగా బాబూ! గుడ్లున్నాయి!" అని నూకాలు అరిచింది.

"ఎక్కడ?" అంటూనే పోటు ఆ రాయి మీద దూకాడు. రాయి పల్టీ కొట్టింది. గుడ్లన్నీ ఊడిపోయి, కొన్ని కొట్టుకుపోయి, మిగిలినవి కలగాపులగంగా ఒకే గుంతలో పడ్డాయి.

"అయ్యయ్యో! చూసుకోలేదమ్మా!" అన్నాడు పోటు. పాపం నిజంగానే బాధపడ్డాడు. కానీ పోటు ఎక్కడైనా ఆగుతాడా? బాధపడుతూనే వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకి ఆ గుంతలో గుడ్లు పగిలాయి. పంతొమ్మిది మంది పిల్లలు బయటికొచ్చారు. మెంతి ఆకుల్లా బుల్లిబుల్లిగా ఉన్నారు. అందరికీ నల్లటి ఒళ్లు. అందరికీ పసుపు అంచు. ఎవరు ఎవరి పిల్లలో సముద్రానికి కూడా తెలియదు.

గైరీ నూకాలూ గుంతకి చెరోవైపు నిలబడ్డారు. చివరికి నూకాలు నోరు విప్పింది.

"సగం నువ్వు తీసుకో. సగం నేను తీసుకుంటాను."

"ఒకరు ఎక్కువున్నారక్కా."

"ఎవరి వైపు వస్తే వాళ్లకే."

ఆ ఎక్కువైన పిల్ల ఆలోచించలేదు. బుడుబుడుమంటూ వచ్చి గైరి అంచు కింద దూరింది. నీటిబొట్టంత ఉంది. గైరి దానికి బొట్టు అని పేరు పెట్టుకుంది. ఆ రోజు నుంచి బొట్టు దాని అంచు వదల్లేదు. గైరి ఎటు తిరిగితే అటు తిరిగేది, గైరి ఆగితే ఆగేది.

ఇక తిండి దగ్గర మొదలైంది గొడవ.

గైరి వాళ్లు తినేది సన్నటి గొట్టాల్లో దాక్కునే చిన్న చిన్న పురుగుల్ని. ఆ గొట్టం మీద కూర్చుని, పొట్టలోంచి గొంతు బయటికి చాపి లోపలికి దించి లాగేయాలి. గైరి పిల్లలకి చేసి చూపించింది. కొందరు చక్కగా తిన్నారు. కొందరు గొట్టం మీద కూర్చుని ఎంత తంటాలు పడ్డా గొంతు లోపలికి దూరలేదు. బొట్టు అయితే మూడుసార్లు ప్రయత్నించి, అలిసిపోయి, వచ్చి అంచు కింద పడుకుంది.

"రేపు వస్తుందిలే తల్లీ" అంది గైరి.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. బొట్టు అంచు ముడుచుకుపోయింది. పసుపు వెలిసిపోయింది.

మూడో రోజు గైరి ఇక ఆగలేక నూకాలు రాయి దగ్గరికి వెళ్లింది. వెళ్లేసరికి అక్కడా అదే గోల. నూకాలు వాళ్లు తినేది రాళ్ల మీద జిగురుబిళ్లల్లా పరుచుకుని పెరిగే మెత్తటి జీవుల్ని. నూకాలు పిల్లల్లో సగం మంది ఆ బిళ్లల మీద కూర్చుని బొజ్జ నిండా తింటున్నారు. మిగతా సగం మంది బిళ్లని పొడుస్తున్నారే గానీ, ఒక్క ముద్ద పట్టుకోలేకపోతున్నారు.

నూకాలు మొహంలో ఆ పొగరు లేదు. "నలుగురు కదలడం లేదే గైరీ" అంది.

"నా దగ్గర ఐదుగురు అక్కా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకేసారి ఇద్దరికీ తట్టింది.

"నా పిల్లలు నీ దగ్గర ఆకలితో చస్తున్నారు" అంది నూకాలు.

"నా పిల్లలు నీ దగ్గర" అంది గైరి. "ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అందరిదీ ఒకే రంగు. తిననివాళ్లంతా నీ పిల్లలే అనుకుందామంటే, తినడం ఇంకా రాని నా పిల్లలూ వాళ్లలో ఉండొచ్చు. నా మూలానే ఇదంతా. నన్ను తిట్టక్కా, తర్వాత తిట్టు. ముందు పిల్లల్ని వేరు చేద్దాం."

"ఎలా చేస్తావు?"

గైరి ఆలోచించింది. దాని జన్మలో ఎవరికీ ఉపాయం చెప్పినది కాదు. కానీ బొట్టు ముడుచుకుపోయిన అంచు దాని కళ్ల ముందే ఉంది. "పైన ఒకటే" అంది మెల్లగా. "లోపల కూడా ఒకటేనా? నా ఒంటికి సిమ్మన్న మామ రంగు వేశాడు గానీ, లోపలేమీ మార్చలేదు కదా. ముందు మనిద్దరం చూసుకుందాం. నువ్వు వెల్లకిలా పడుకో."

"నేనా? వెల్లకిలా? నడి గుంటలోనా?" అంది నూకాలు.

"పిల్లల కోసం అక్కా."

నూకాలు గొణుక్కుంటూ వెల్లకిలా పడుకుంది. గైరి కూడా పడుకుంది. కానీ ఏం లాభం? రంగు అడ్డం. లోపలేముందో కనపడటం లేదు.

అప్పుడు గైరి తలెత్తి పిలిచింది. "సూర్యుడు తాతా! కాస్త వెలుగు కావాలి. మా ఒంట్లోంచి అవతలికి కనపడేంత వెలుగు!"

నడినెత్తికి వస్తున్న సూర్యుడు వంగి చూశాడు. "ఇవ్వగలను పాపా. కానీ నేను వెలుగొక్కటే విడిగా ఇవ్వలేను. వెంట వేడి వస్తుంది. మీరు ఆకులంత పలచగా ఉన్నారు. ఎండితే అప్పడాలే."

"నీళ్లు నేను చూసుకుంటాను" అని ఇంకో మెత్తటి గొంతు వినపడింది. అది ఆటు. పోటుకి తమ్ముడు. అన్న ఎంత గోలో తమ్ముడు అంత నెమ్మది. "మీ ఒళ్లు తడిసేంత నీళ్లు, రేకంత మందాన ఉంచుతాను. కానీ అన్నయ్య వచ్చేవేళ అయితే నేను ఆగలేను. తొందరగా కానివ్వండి."

సంగతి విని సిమ్మన్న కూడా పాక్కుంటూ వచ్చాడు. ఇందులో నా తప్పూ ఉందిగా అంటూ, తాను దాచుకున్న పెద్ద ముత్యపుచిప్ప తెచ్చి, లోపలి తెల్లటి మెరుపు పైకి ఉండేలా నీళ్లలో పెట్టాడు. సూర్యుడి వెలుగు దాని మీద పడి కింది నుంచి పైకి తన్నింది. ఆ మెరుపు మీద పడుకుంటే ఆకుపురుగు ఒళ్లు పలచటి గుడ్డలా అయిపోయింది. లోపలున్నవన్నీ నీడల్లా కనిపించాయి!

"ముందు కళ్లు చూడు" అంది నూకాలు.

ఆకుపురుగులకి రెండు కళ్లు కాదు, బోలెడన్ని ఉంటాయి. గైరి చూసి చెప్పింది. "నీ కళ్లన్నీ నెత్తి మీద ఒక్కచోటే ఉన్నాయక్కా, ఆవాలు కుప్ప పోసినట్టు."

"నీకు కుప్ప లేదే. రెండు వరసలున్నాయి. ఇంకా ఒంటి అంచు పొడుగునా చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. అంచు మీద కూడా కళ్లేటే నీకు!"

"తేడా దొరికింది!" అని గైరి ఎగిరింది. వెంటనే ఒక పిల్లని తెచ్చి చిప్ప మీద పడుకోబెట్టారు. చూశారు. పిల్లకి మూడే కళ్లు. ఇంకో పిల్లకీ మూడే. పసిపిల్లలు కదా, కళ్లు ఇంకా రాలేదు. మూడు కళ్లతో కుప్పేది, వరసేది?

"పొట్ట కింద పట్టు చూడండి" అన్నాడు సిమ్మన్న. రాయిని పట్టుకోవడానికి ఆకుపురుగు పొట్ట కింద గుండీలాంటి పట్టు ఒకటి ఉంటుంది. నూకాలుది సరిగ్గా మధ్యలో ఉంది. గైరిది కొంచెం కిందికి ఉంది. కానీ మెంతి ఆకంత పిల్లలో మధ్య ఎక్కడ, కింద ఎక్కడ? రెండూ ఒక్కటే అయిపోయాయి.

ఆటు కొద్దిగా కదిలాడు. "అన్నయ్య ఈల వినపడుతోంది" అన్నాడు.

గైరి నూకాల్ని ఇంకోసారి చూసింది. కళ్ల నుంచి కిందికి, కిందికి. పొట్ట మధ్యలో, నోటి వెనక, ముడతలు ముడతలుగా ఏదో ఉంది.

"అక్కా, అదేంటి?"

"గొంతు."

"అన్ని కుచ్చిళ్లా! గౌను కుచ్చిళ్లలా ఉందే."

"మరి? దాన్ని పరిచి జిగురుబిళ్లని కప్పేస్తాను. అందరికీ అలాగే ఉంటుంది కదా."

"నాకెలా ఉందో చూడు!"

నూకాలు వంగి చూసింది. "నీకు కుచ్చిళ్లు లేవే! నీది గొట్టం. నున్నగా, తిన్నగా, బూర ఊదుకునే గొట్టంలా ఉంది."

ఇద్దరూ ఒక్కసారే అరిచారు. కుచ్చిళ్ల గొంతు సన్నటి గొట్టంలో దూరదు. గొట్టం గొంతు చదునుగా ఉన్న బిళ్లని కప్పలేదు. పిల్లలకి తినడం రాక కాదు, తినడానికి ఉన్న గొంతు వేరు!

ఇక చూసుకోండి హడావుడి. సిమ్మన్న ఎనిమిది చేతులతో పిల్లల్ని ఒక్కొక్కరినే అందించాడు. సూర్యుడు కదలకుండా వెలుగు పట్టాడు. గైరి చూసింది, నూకాలు సరిచూసింది.

"గొట్టం!"

"గొట్టమే. నీది. తర్వాత?"

"కుచ్చిళ్లు!"

"నా బంగారుతల్లే! ఇటు రా. తర్వాత?"

ఒక గడుగ్గాయి అప్పుడే తిని గొంతు ముడుచుకుని పడుకున్నాడు. ఎటు తిప్పినా ముద్దలా ఉంది గానీ, కుచ్చిళ్లో గొట్టమో తెలియలేదు. సిమ్మన్న వాడి పొట్ట మీద గిలిగింతలు పెట్టాడు. వాడు కిలకిలా నవ్వేసరికి గొంతు బయటికొచ్చింది. గొట్టం!

పద్దెనిమిది మంది అయిపోయారు. ఆటు పక్కకి తొలగుతున్నాడు. నూకాలు తన పిల్లల్ని నీళ్లలోకి తోలుతూ అటు తిరిగి ఉంది. సిమ్మన్న చిప్ప ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాడు.

బొట్టు మిగిలింది.

గైరి దాన్ని తానే చిప్ప మీద పడుకోబెట్టింది. చూడకముందే దానికి భయం వేసింది. గులివిందని చూసినప్పటి భయం కాదు, అది ఇంకో రకం. వంగి చూసింది.

కుచ్చిళ్లు. చిన్ని చిన్ని కుచ్చిళ్లు.

ఎవరూ చూడటం లేదు. "గొట్టం" అంటే అయిపోతుంది. బొట్టు దాని దగ్గరే ఉండిపోతుంది. ఆ మాట గైరి నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు బొట్టు, కదలడానికి ఓపిక లేకపోయినా, ముడుచుకున్న అంచుని గైరి వైపు రవ్వంత కదిపింది. మూడు రోజుల నుంచి తిండి లేని బిడ్డ.

"అక్కా" అని పిలిచింది గైరి. మళ్లీ గట్టిగా పిలిచింది. "నూకాలక్కా! ఇది నీ బిడ్డ. తీసుకెళ్లి ముందు దీనికి పెట్టు. ఇవాళే పెట్టు, ఆలస్యం చెయ్యకు."

నూకాలు వెనక్కి తిరిగింది. బొట్టుని చూసింది. గైరిని చూసింది. బొట్టుని అంచు కింద పెట్టుకుని, బాగా లేతగా ఉన్న జిగురుబిళ్ల మీద కూర్చోబెట్టింది. బొట్టు కుచ్చిళ్లు విప్పింది, పరిచింది, తిన్నది. తిని, పక్క బిళ్ల మీదికి ఎక్కి మళ్లీ తిన్నది.

అంతలో పోటు వచ్చేశాడు. "ఏమైంది, ఏమైంది? పిల్లలు దొరికారా?" అంటూ ఈసారి మాత్రం రాళ్ల మీద కాలివేళ్లతో నడిచినట్టు వచ్చాడు. కానీ అతని వెనకే గులివింద కూడా వచ్చాడు, మీసాలు దువ్వుకుంటూ.

"పిల్లలట! మెత్తటి పిల్లలట!" అని నేరుగా గుంత దగ్గరికి వచ్చాడు. అక్కడ గైరి పిల్లలూ నూకాలు పిల్లలూ బొజ్జలు నింపుకుని కలిసి ఆడుకుంటున్నారు. సగం మందికి చేదుంది, సగం మందికి లేదు. గైరి పరిగెత్తబోయింది. నూకాలు అడ్డం నిలిచింది.

"ఆగు. చూద్దాం."

గులివింద మీసం చాపాడు. ఎదురుగా ఒక పసుపు అంచు. పక్కన ఇంకో పసుపు అంచు. అటు చూస్తే పసుపు, ఇటు చూస్తే పసుపు. పంతొమ్మిది!

"బాబోయ్!" అన్నాడు. "ఒక్కదాన్ని తిన్నందుకే మూడు రోజులు! ఈ లెక్కన నాకు నాలికే మిగలదు!" అని వచ్చిన దారినే పోయాడు. ఎంత తొందరంటే, ఒక మీసం రాయి సందులో ఇరుక్కుంటే లాక్కుని మరీ పోయాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

సిమ్మన్న ముందుకొచ్చాడు. "గైరమ్మా, రంగు తియ్యలేను గానీ, దాని మీద ఇంకో రంగు వెయ్యగలను. మీ ఇంటివాళ్లని మళ్లీ ఇసుక రంగులోకి మార్చెయ్యనా? అప్పుడు ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. ఇంకెప్పుడూ ఈ తిప్పలుండవు."

గైరి నూకాలు వైపు చూసింది. అది అడగాల్సిన మాట. ఆ రోజు అడగని మాట. "నువ్వు చెప్పక్కా. రంగు నీది."

నూకాలు పిల్లల వైపు తిరిగింది. "ఈ రంగు కోసం మావాళ్లు పోయారని చెప్పాను కదా" అంది. "వాళ్లు పోయింది పిల్లలు బతకాలనే కదే. ఇక్కడ పంతొమ్మిది మంది బతికారు. ఉంచుకో. మామా, ఏ రంగూ వెయ్యొద్దు. పైకి అందరూ ఒకేలా ఉండనీ. గులివిందకి తెలియనక్కర్లేదు. మాకు తెలియాలంటే వెల్లకిలా పడుకుని చూసుకుంటాం, ఏటి పోయింది?"

గైరికి ఏడుపొచ్చింది. ఆకుపురుగులు సముద్రంలో ఏడిస్తే ఎవరికీ కనపడదు గనక, ధైర్యంగా ఏడ్చింది. బొట్టు వచ్చి దాని అంచు కింద దూరింది, కాసేపు ఉండి, ఆకలేసి మళ్లీ వాళ్లమ్మ దగ్గరికి పోయింది. అలా రోజూ అటూ ఇటూ తిరుగుతూనే పెరిగింది.

అప్పటినుంచే కొన్ని ఆకుపురుగులు పైకి అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అదే నలుపు, అదే అంచు. వీపు చూసి ఇది ఫలానాది అని ఎవరైనా చెప్పారంటే తొందరపడ్డారన్నమాటే. నిజంగా తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఈనాటికీ దాన్ని మెల్లగా వెల్లకిలా తిప్పుతారు, వెలుగులో పెడతారు. కళ్లు కుప్పగా ఉన్నాయా వరసగా ఉన్నాయా, పట్టు మధ్యలో ఉందా కిందికి ఉందా అని ఓపిగ్గా చూస్తారు. ఆఖరికి గొంతు చూస్తారు. గొట్టమైతే గైరి ఇంటిది, కుచ్చిళ్లయితే నూకాలు ఇంటిది.